ఫిల్టర్ ఏది కొనను బావా?

మొన్న ఆదివారం మా బావమరిది వాట్సాప్‌లో మూడు లింకులు పంపాడు. ఒకటి మూత బిగించే డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్, రెండోది మురికిని నురుగులా తీసే బుల్లి ప్రోటీన్ స్కిమ్మర్, మూడోది ట్యాంకు కింద పెట్టుకునే సంప్. వాటి కింద ఒక్క ముక్క: "ఫిల్టర్ ఏది కొనను బావా?" ఇక్కడ అమెరికాలోనే, షార్లెట్‌లో కొత్తగా ఇల్లు కొన్నాడు. హాల్లో 20 గ్యాలన్ల ఉప్పునీటి చేపల ట్యాంకు పెట్టి పగడాలు పెంచాలని సరదా పడుతున్నాడు. 20 గ్యాలన్లంటే 76 లీటర్లు. రాళ్లూ ఇసకా పోగా అందులో పట్టే నీళ్లు 65 లీటర్లు మించవు, అంటే మన లెక్కలో నాలుగు బిందెలు, ఇంకో చెంబెడు.

మూడూ వద్దన్నాను. వాడు నొచ్చుకున్నట్టున్నాడు. నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు. ఇదంతా వేలితో టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. వాడు చదువుతాడు, వాడిలాంటి వాళ్లు ఇంకో నలుగురు చదువుతారు.

మా ఇంట్లో వెట్ గ్రైండర్ ఉంది. ఇడ్లీ పిండికి దానికి సాటి లేదని ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటాం. అయినా అది షెల్ఫ్ మీంచి ఏడాదికి మూడుసార్లు దిగితే గొప్ప. రాళ్లు ఎత్తాలి, సందుల్లో ఇరుక్కున్న పిండి గీకాలి, కడగాలి, ఆరబెట్టాలి. అందుకని రోజూ పని చేసేది మిక్సీయే. పిండి కాస్త బరకగా వస్తే వచ్చింది, ఇడ్లీ అయితే అవుతోంది కదా. ఫిల్టర్ కొనేటప్పుడు కూడా నేను అడిగే ప్రశ్న ఇదే: బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి, ఆఫీసు కాల్ అయ్యాక, దీన్ని కడగడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? డబ్బా మీద గంటకు ఎన్ని గ్యాలన్లు తోడుతుందో రాస్తారు, ఎన్ని గ్యాలన్ల ట్యాంకుకి సరిపోతుందో రాస్తారు. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడా రాయరు.

నాకు ఈ జ్ఞానం ఊరికే రాలేదు. 2020లో లాక్‌డౌన్‌లో అందరూ ఏదో ఒకటి మొదలుపెట్టారు. కొందరు రొట్టెలు కాల్చారు, నేను రీఫ్ ట్యాంకు, అంటే పగడాలూ సముద్రపు చేపలూ ఉండే తొట్టి, పెట్టాను. ఇక్కడ డాలస్ దగ్గర ఒక షాపులో కుర్రాడు "గోల్డ్‌ఫిష్ పెంచారు కదా, మీకు క్యానిస్టర్ బాగుంటుంది" అన్నాడు. బాగానే ఉంది. నల్లగా, బుద్ధిగా, చప్పుడు చేయకుండా, క్యాబినెట్‌లో తలుపు వెనక కూర్చుంది. లోపల మూడు బుట్టలు: ఒకదాంట్లో స్పాంజీ, ఒకదాంట్లో సిరామిక్ రింగులు, పైదాంట్లో బొగ్గు. కనపడని వస్తువుని ఎవరు పట్టించుకుంటారు?

దాన్ని కడగాలంటే వాల్వులు మూసి, పైపులు ఊడదీసి, ఉప్పునీళ్లు కారుతున్న ఆ బరువుని పాత తువ్వాలు మీద పెట్టి బాత్‌రూమ్ దాకా మోయాలి. క్లిప్పులు విప్పాలి, కడగాలి, రబ్బరు రింగుకి గ్రీజు రాయాలి, మళ్లీ బిగించి గాలి బయటికి పోయేదాకా పంపు కొట్టాలి. ముప్పావుగంట. మొదటి నెల వారం వారం కడిగాను. తర్వాత రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. తర్వాత గుర్తొచ్చినప్పుడు. గుర్తు రావడం మానేసింది.

ఈలోగా నీళ్లలో చెత్త కుళ్లగా మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకి 40 మిల్లీగ్రాములు) దాటింది, రాళ్ల మీద పచ్చటి నాచు జుట్టులా పెరిగింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. చెత్తని పట్టుకోవడం ఒక పని, బయట పారేయడం ఇంకో పని. క్యానిస్టర్ మొదటి పని బ్రహ్మాండంగా చేస్తుంది. పట్టుకున్న చెత్త మాత్రం అదే నీటి దారిలోనే ఉంటుంది, కుళ్లుతూనే ఉంటుంది. ఇల్లు ఊడ్చి చెత్తని మంచం కిందకి నెట్టినట్టు.

అసలు దెబ్బ 2021 ఫిబ్రవరిలో తగిలింది. ఆ మంచు తుపాను టెక్సాస్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. 16వ తేదీ తెల్లవారుజామున డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19. మాకు ముప్పై గంటలు కరెంటు లేదు. పిల్లలకి స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసి ఒకే గదిలో పడుకోబెట్టాం. ఉన్న రెండు బొంతల్లో ఒకటి ట్యాంకుకి చుట్టాను. "ఏమండీ, ఆ చేపలకి బొంత, నాకు శాలువానా" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. గ్యాస్ స్టవ్ కరెంటు లేకపోతే దానంతటది వెలగదు. దేవుడి దగ్గర అగ్గిపెట్టె తెచ్చి వెలిగించి, నీళ్లు కాచి, ప్లాస్టిక్ సీసాల్లో పోసి మూతలు బిగించి ట్యాంకులో తేలవేశాను. పక్కింటి పెద్దాయన చేపల వేటకి పోయినప్పుడు ఎర చేపల్ని బతికించుకునే బ్యాటరీ బబ్లర్ ఒకటి ఇచ్చాడు. 78 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాల్సిన నీళ్లు 66కి దిగాయి గానీ, రెండు క్లౌన్‌ఫిష్‌లూ, క్లీనర్ రొయ్యా, అన్నీ బతికే ఉన్నాయి.

రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చింది. ఫ్రిజ్ మోగింది, హీటర్ మోగింది, సంబరంగా పడుకున్నాం. పొద్దున లేచేసరికి హాలంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు. కరెంటుతో పాటు క్యానిస్టర్ కూడా దానంతటది మొదలైంది. ముప్పై గంటలు నీళ్లు కదలక, మూత బిగించిన ఆ డబ్బాలో ఉన్న ఆక్సిజన్‌ని లోపలి బ్యాక్టీరియాయే గంటల్లో తినేసింది. ఆ తర్వాత అక్కడ పుట్టిన నల్లనీళ్లు, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో సహా, తిన్నగా ట్యాంకులోకి వచ్చాయి. కరెంటు పోయిన ముప్పై గంటలూ బతికిన ప్రాణులు, కరెంటు వచ్చిన మూడు గంటల్లో పోయాయి. జొయాంథిడ్ అనే రకం కోరల్స్ (పగడాలు) నాలుగు తలలు, రెండు నత్తలు మిగిలాయి.

ఆ వారం ఇళ్లూ మనుషులూ పోయిన చోట చేపల గురించి ఏడవడం బాగుండదని ఎవరికీ చెప్పుకోలేదు.

క్యానిస్టర్ చెడ్డదని కాదు. వారం వారం కడిగేవాళ్లుంటారు, వాళ్ల ట్యాంకులు అద్దంలా ఉంటాయి. నేను వాళ్లలో ఒకణ్ని కాదని తెలుసుకోవడానికి అంత ఖర్చయింది. మా బావమరిది కూడా వాళ్లలో ఒకడు కాదు. వాడి కారు వెనక సీటు నేను చూశాను.

సరే, మరి ఫిల్టర్ లేకుండా ఎలా? లేకుండా కాదు. ఉంది, రాళ్ల రూపంలో ఉంది. చేప వదిలేదీ, తినకుండా మిగిలిన మేతా అమ్మోనియా అవుతాయి. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకోరకం నైట్రేట్ చేస్తుంది. అమ్మోనియా చేపకి విషం, నైట్రేట్ అంత కాదు. ఈ బ్యాక్టీరియాకి కావలసింది అంటుకోవడానికి గరుకు చోటు, పక్కనించి పారే నీళ్లు. గుల్లగుల్లగా ఉండే రీఫ్ (పగడాల దిబ్బ) రాయిలో ఆ చోటు బోలెడు ఉంటుంది. పైగా రాయి లోతట్టున ఆక్సిజన్ అందని సందుల్లో ఇంకో జాతి ఉంటుంది. అది నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. సిరామిక్ రింగులు కొని డబ్బాలో పోసేది ఈ పనికే. రాయి ఆ పని చేస్తూ చూడ్డానికి కూడా బాగుంటుంది, చేపకి ఇల్లు అవుతుంది, కోరల్‌కి పునాది అవుతుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు నీళ్లు, జీవమున్న రాళ్లు, గాలి బుడగలు, ఎండ, వీటితోనే పగడాలు పెంచి, 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆ పద్ధతి రాశాడు. ఇరుగుపొరుగున సముద్రం ఉన్నవాడి అదృష్టం అనుకున్నారో ఏమో, చాలామంది పట్టించుకోలేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఇసక కింద ఫిల్టర్లు, ప్లాస్టిక్ బంతుల మీంచి నీళ్లు జారే ఫిల్టర్లు రాజ్యమేలాయి. ఆ బంతులు అమ్మోనియాని గబగబా నైట్రేట్ చేసేవి, అక్కడితో ఆగేవి. వాటికి 'నైట్రేట్ ఫ్యాక్టరీ' అని పేరొచ్చింది. బెర్లిన్‌లో అభిరుచి ఉన్నవాళ్లు రాళ్లూ స్కిమ్మరూ చాలని చేసి చూపించాక గానీ లోకం మళ్లీ రాళ్ల దగ్గరికి రాలేదు.

20 గ్యాలన్లకి సుమారు 7 నుంచి 9 కిలోల రాయి చాలు. కుప్ప పోయకుండా మధ్యలోంచి నీళ్లు పారేలా, గుహల్లా పేర్చాలి. ఫిజీ నుంచి వచ్చే జీవమున్న రాయి 2017 చివర్లో ఆగిపోయింది. ఫ్లోరిడా దగ్గర సముద్రం అడుగున లీజుకి తీసుకున్న చోట మామూలు రాళ్లు వేసి, కొన్నేళ్లకి ప్రాణం పట్టాక తీసి అమ్మేవాళ్లున్నారు. ఖరీదు ఎక్కువే. కనీసం రెండు కిలోలు అది కొని, మిగతాది ప్రాణం లేని పొడిరాయి వేస్తే చాలు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పురుగులుంటాయని భయపడి ఆ రాళ్లని వేడినీళ్లలో ఉడకబెట్టకూడదు. కొన్ని జొయాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది ఆవిరితో పాటు వంటింట్లోకి వస్తుంది. ఇలా చేసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన కేసులున్నాయి.

ఇక్కడే వైజాగ్ వాళ్లకి ఒక మాట. మనకి దగ్గర్లోనే సముద్రముంది కదా, రాయి తెచ్చుకుంటే పోలా అనొద్దు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ.

రాయి అమ్మోనియాని చూసుకుంటుంది. నైట్రేట్‌లో కొంత చూసుకుంటుంది. మిగిలిందానికి నీళ్లు మార్చడమే దారి. ఈ లెక్క ఎవరూ సరిగ్గా చెప్పరు, కాబట్టి కాగితం తీసుకుని కూర్చుందాం. నీ ట్యాంకులో వారానికి నైట్రేట్ 2 పీపీఎం పెరుగుతోందనుకో. వారానికోసారి పదోవంతు నీళ్లు మారుస్తున్నావు. మొదట్లో పెరుగుతూనే ఉంటుంది, మార్చీ ఏం లాభం అనిపిస్తుంది. కానీ 20కి చేరాక ఆగిపోతుంది. ఎందుకంటే 20లో పదోవంతు 2, నువ్వు తీసేదీ 2, చేరేదీ 2. అలాగే వారానికి ఐదోవంతు మారిస్తే 10 దగ్గర ఆగుతుంది. పదోవంతే మార్చి, మేత సగం చేసినా అదే 10. అంటే కొత్త ఫిల్టర్ కొన్నదానికంటే, మేత చిటికెడు తగ్గించి, ఇంకో రెండు గ్యాలన్లు ఎక్కువ మార్చినదానికే ఎక్కువ ఫలితం. నీకు కావలసింది 5 నుంచి 10. సున్నా కాదు, గుర్తుపెట్టుకో.

20 గ్యాలన్లలో పదోవంతంటే 2 గ్యాలన్లు, ఏడున్నర లీటర్లు. అందులో కలిపే ఉప్పు పావుకిలో పైచిలుకు. 160 గ్యాలన్లకి సరిపోయే ఉప్పు బకెట్ ఒకటి కొంటే 80 వారాలు వస్తుంది, ఏడాదిన్నర. పెద్ద ట్యాంకు వాళ్లకి ఈ వైభోగం లేదు. 200 గ్యాలన్ల వాడు పదోవంతు మార్చాలంటే వారం వారం 20 గ్యాలన్లు కలపాలి, మోయాలి. వాళ్లకి స్కిమ్మర్లు, రియాక్టర్లు, డోసింగ్ పంపులు అవసరమవుతాయి. వాళ్ల వీడియోలు చూసి మనం అవన్నీ కొంటాం. చిన్న ట్యాంకుకి ఉన్న ఒకే ఒక్క లాభం నీళ్లు తేలిగ్గా మార్చుకోవడం. దాన్ని వదులుకుని మిషన్ కొనడం నాకు అర్థం కాదు.

మార్చే నీళ్లు కుళాయివి కాకూడదు. ఇక్కడ చాలా ఊళ్లలో నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరమైన్ కలుపుతారు. ఆర్‌ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలు తీసే డీఐ గొట్టం, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. మిషన్ మీద డబ్బు పెట్టాలనే దురద ఉంటే ఇక్కడ పెట్టు.

స్కిమ్మర్ సంగతి. కందిపప్పు ఉడికేటప్పుడు పైన తేలే నురుగు చూశావుగా, అమ్మ గరిటెతో తీసి పారేసేది. స్కిమ్మర్ చేసే పనీ అలాంటిదే. ఉప్పునీళ్లలో సన్నటి బుడగలు పుట్టిస్తుంది, కరిగిన మాంసకృత్తులూ జిడ్డూ ఆ బుడగలకి అంటుకుని పైకి వస్తాయి, కప్పులో గోధుమరంగు నురుగై పేరుకుంటాయి. చెత్త కుళ్లకముందే బయటికి పోతుంది, నీళ్లకి గాలి అందుతుంది. సిద్ధాంతంలో ఇంతకంటే మంచి యంత్రం లేదు. కానీ 20 గ్యాలన్లకి సరిపోయే బుల్లి రకాలతో పేచీ ఉంది. నీటిమట్టం అర అంగుళం మారితే నురుగు రాదు, లేదా పొంగి పొర్లుతుంది. ఏదైనా కోరల్‌కి మందు వేస్తే పిచ్చెక్కినట్టు పొంగుతుంది. రాత్రంతా బుస్సుమంటుంది. రెండు చేపలకి, పది కోరల్ ముక్కలకి అంత హడావుడి అక్కర్లేదు. రేపు 50 గ్యాలన్లకి ఎదిగితే మొదట కొనాల్సింది అదే, అప్పుడు వద్దనను.

సంప్ గురించి చెప్పాలంటే మా అమ్మ గుర్తొస్తుంది. ఒకసారి ఫోన్లో "నెక్స్ట్ ట్యాంకుకి సంప్ పెడదామనుకుంటున్నానే" అన్నాను. "అద్దె ఇంట్లో సంపు తవ్వనిస్తారేంట్రా, మునిసిపల్ నీళ్లు రావా?" అంది. నిజానికి అమ్మ పెద్దగా పొరబడలేదు. ట్యాంకు కింద ఇంకో ట్యాంకు, పైనించి పైపులో నీళ్లు కిందకి, కిందనించి మోటారుతో పైకి. మన సంపూ ఓవర్‌హెడ్ ట్యాంకూ లాంటి ఏర్పాటే. అందులో హీటరు, స్కిమ్మరు, నాచు తొట్టి అన్నీ దాచుకోవచ్చు, మొత్తం నీళ్లూ పెరుగుతాయి. అన్నీ నిజమే. కానీ గాజుకి రంధ్రం కావాలి, కరెంటు పోతే పైనించి దిగే నీళ్లన్నీ పట్టేంత చోటు కింద ఉండాలి, చెత్త పట్టే ఫిల్టర్ సాక్స్ అనే సంచులు మూడునాలుగు రోజులకోసారి ఉతకాలి. మొదటి ట్యాంకుకి ఇదంతా ఎందుకు? హాల్లో కొత్త చెక్క ఫ్లోర్ వేయించుకున్నాడు కూడాను.

మరి కొనాల్సిందేమిటి? ఇంకా ట్యాంకు కొనకపోయి ఉంటే, వెనకభాగంలో మూడు అరలు కట్టి వచ్చే ఆల్ ఇన్ వన్ ట్యాంకు తీసుకో. నీటి పైపొర వెనక్కి పొర్లి, మొదటి అరలో దూది లాంటి ఫ్లాస్ మీంచి పోయి, చివరి అరలోని పంపుతో ముందుకి వస్తుంది. ట్యాంకు ఇప్పటికే కొనేసి ఉంటే, వెనక గోడకి తగిలించే డబ్బా ఫిల్టర్ ఒకటి. ఇక్కడివాళ్లు హ్యాంగ్ ఆన్ బ్యాక్ అంటారు. గంటకి 200 గ్యాలన్లు తోడేది చాలు. మోటారు నీళ్లలో మునిగి ఉండే రకమైతే కరెంటు పోయి వచ్చినా దానంతటది మళ్లీ మొదలవుతుంది. మిగతా రకాల్లో కొన్ని ఎండిపోయి గీపెడతాయి. పైన తెరిచి ఉండే డబ్బా కనుక క్యానిస్టర్ చేసిన ఘోరం చెయ్యదు. దానితో పాటు నీళ్లు కలియతిప్పడానికి ఒక చిన్న పవర్‌హెడ్. కోరల్‌కి ఫిల్టర్ కంటే ప్రవాహమే ముఖ్యం.

దీని లోపాలూ చెప్తాను. నీళ్లని కిందనించి లాగుతుంది కాబట్టి పైన నూనె తెట్టు కడుతుంది, పవర్‌హెడ్‌ని కాస్త పైకి తిప్పితే విడిపోతుంది. అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవాలి. నీళ్లు ఆవిరైతే జలపాతం చప్పుడు మొదలవుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి ఆ లోటు మంచినీళ్లతోనే పూరించాలి.

డబ్బాలో ఏం పెట్టాలి? ఒక పొర ఫ్లాస్, ఒక చిన్న సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు. అంతే. దిండులో కూరే పాలియెస్టర్ దూది చుట్ట, మందులేవీ పూయనిది చూసి కొంటే, ఏడాది వస్తుంది. అరచేతంత తుంచి పెడతాను, మూడు రోజులకి గోధుమరంగు తిరుగుతుంది, పీకి చెత్తబుట్టలో పడేసి కొత్తది పెడతాను. నలభై సెకన్లు. ఒకసారి టైమ్ చూశాను కూడా. కడగడం అనేదే లేదు. చెత్త కుళ్లకముందే ఇంట్లోంచి పోతుంది, అంటే స్కిమ్మర్ చేసే పనిలో సగం నలభై సెకన్లలో అయిపోయినట్టు. కార్బన్ నెలకోసారి. ఫాస్ఫేట్ తీసేసే ఎర్రటి గుళికలు అమ్ముతారు, వాటి జోలికి ఇప్పుడే పోకు. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయిన కొత్త ట్యాంకులో డైనోఫ్లాజెల్లేట్స్ అనే జిగురు పడుతుంది. బుడగలు పొదిగిన చీమిడిలా ఉంటుంది. నెలల తరబడి వదలదు. అతిశుభ్రం చేసి చేజేతులా తెచ్చుకునే రోగం అది.

నా డబ్బా ఫిల్టర్‌కి ఇప్పుడు నాలుగో ఏడు. పోయిన నెల మూత తీసి టార్చి వేసి చూస్తే, ఫ్లాస్ తగలని చీకటి మూలలో తెల్లటి పుల్లల గుత్తులు కనిపించాయి. ఒక్కొక్కటి గోధుమ గింజంత, చివర చిన్న రంధ్రం, దాని చుట్టూ కుంచెలా వెంట్రుకలు. నిజమైన స్పాంజీలు. ఎవరూ వేయలేదు, ఫ్లోరిడా రాయితో వచ్చినవే. మనం స్పాంజీ అని ప్లాస్టిక్ ముక్క కొంటాం. అసలు స్పాంజీ నీళ్లు లాగి, అందులోది వడగట్టి, చివరి రంధ్రంలోంచి వదులుతూ చీకట్లో తన పని తను చేసుకుంటోంది. దిబ్బల్లో కూడా ఇలాగే జరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కోరల్స్, నాచు వదిలే కరిగిన పదార్థాన్ని స్పాంజీలు పీల్చుకుని, తమ కణాలనే రాల్చి, వాటిని తినే జీవులకి మేతగా మారుస్తాయట. ఆ మూల మాత్రం నేను తుడవను.

ఇదంతా రాసి పడుకున్నాక మావాడి దగ్గర్నుంచి మెసేజ్. అలిగింది లేదు, ఏం లేదు. ట్యాంకు పెట్టి మూడు వారాలైందట, నాతో చెప్పలేదు. ఎవరో పాతది ఇస్తే డబ్బా ఫిల్టరే తగిలించాడట, ఇప్పుడు మంచిది కొందామని లింకులు పంపాడట. ఫోటో పెట్టాడు. రాళ్ల మీద, ఇసక మీద టీ పొడి చల్లినట్టు గోధుమరంగు. "బావా, ఇదేంటి? దీనికి యూవీ స్టెరిలైజర్ వేయమంటున్నారు, కార్ట్‌లో పెట్టాను."

డయాటమ్స్ అనే గోధుమరంగు నాచు. కొత్త ట్యాంకుల్లో చాలావాటికి వస్తాయి, వాటి మేత అయిపోతే రెండుమూడు వారాల్లో పోతాయి. కార్ట్‌లోంచి తీసెయ్యమని రాశాను. ఇంకా నీలం టిక్కులు పడలేదు.